మూరెడు గొంతు

పార్టీకిచ్చే విరాళం కూడా మాట్లాడటం కిందికే వస్తుందని చట్టం ఖాయపరిచిన మరుసటి సోమవారం నుంచి, గవ్వలపేట మునిసిపాలిటీలో ఎవరెంత విరాళమిస్తే వాళ్ల గొంతు అంత దూరమే వినిపించడం మొదలైంది. మొదటి రెండు రోజులూ జనం చెవి డాక్టరు దగ్గర బారులు తీరారు. డాక్టరు ఏ పార్టీకీ ఏమీ ఇవ్వని మనిషి కాబట్టి ఆయన చెప్పింది కూడా వాళ్లకి వినపడలేదు. మూడో రోజుకి అందరికీ అలవాటైపోయింది.

ఎవరి హక్కుకీ భంగం కలగలేదని మునిసిపల్ ఆఫీసు గోడకి నోటీసు అంటించారు. మాట్లాడే హక్కు అందరికీ ఉంది, వినపడే హక్కు గురించి ఎక్కడా రాసిలేదు అన్నది దాని సారాంశం. తెల్లకార్డు ఉన్నవాళ్లకి దయతలచి మూరెడు దూరం ఉచితంగా ఇచ్చారు. కాంట్రాక్టరు ధర్మలింగం తన మేడలో తుమ్మితే రైల్వే గేటు దగ్గర నిలబడ్డవాళ్లు ‘నూరేళ్లు’ అనేవారు. గల్లా ఉన్నవాడిదే గళమనీ, నోటి మాట పోయి నోటు మాట వచ్చిందనీ ఊరంతా చెప్పుకున్నారు, మూరెడు దూరంలో.

పేరు చెప్పకుండా ఇచ్చినవాళ్ల వ్యవహారం వేరు. గుప్త విరాళం చట్టబద్ధమే గనక వాళ్ల గొంతు నోరు లేకుండానే వచ్చేది. సీలింగు ఫ్యాను పక్కనుంచో, ట్యూబులైటు మీదనుంచో ఒక మాట దిగేది. ఆఫీసర్లు లేచి నిలబడి రాసుకునేవారు. పైనుంచి వచ్చిన మాటని కాదనే అలవాటు ఆ ఆఫీసుకి అంతకుముందు కూడా లేదు.

మైలపల్లి నూకరత్నానికి ఇందులో ఏదీ వింతగా తోచలేదు గానీ, ఒంటికి కుదురు మాత్రం లేకుండా పోయింది. చేపల బజారులో మూడో వరస రాతిబండ ఆమెది. అంతకుముందు అత్తది. ఆ బండ మీద కూర్చుని ‘వంజరాలోయ్’ అని ఒక్క కేక వేస్తే సినిమా హాలు సందులోంచి గిన్నెలు పట్టుకుని వచ్చేవారు. ఇప్పుడా కేక తట్ట అంచు దాటడం లేదు. దానికితోడు బజారు స్థలాన్ని షాపింగ్ కాంప్లెక్సుకని ధర్మలింగానికి రాసిచ్చేస్తున్నారనీ, అభ్యంతరాలుంటే గురువారం పదకొండు గంటలకి కౌన్సిల్ హాల్లో నోటితో చెప్పుకోవాలనీ నోటీసొచ్చింది. ఆమె కూర్చుంటే లేచేది, లేస్తే కూర్చునేది. అమ్మిన చేపనే మళ్లీ తట్టలో వెతికేది.

అభ్యంతరం చెప్పేవాళ్లు శ్రవణాధికారి బల్లకి పన్నెండడుగుల దూరంలో, సుద్దతో గీసిన గీత వెనక నిలబడి చెప్పాలి. చెవి దగ్గరికొచ్చి చెబితే అది పైరవీ కిందికి వస్తుంది. అంటే పన్నెండడుగుల గొంతు కావాలి. బజారులో నలభైమంది ఆడవాళ్లు కలిసి వేసుకునే చీటీని గరికిన దానమ్మ నడుపుతుంది. ఈ నెల పాట లేకుండా చీటీ మొత్తం పార్టీ ఆఫీసు పెట్టెలో వేసేద్దామని అందరూ ఒప్పుకున్నారు. ఒకరి చెవిలో ఒకరు నోరు పెట్టి ఒప్పుకునేసరికి పొద్దుగూకింది.

విరాళం పేరు మీద ఇవ్వాలంటే పాన్ కార్డు కావాలి. నలభైమందిలో ఒక్కరికీ లేదు. గుప్త విరాళానికి ఏదీ అక్కర్లేదు.

“పేరు రాయకపోతే మనదని ఎలాగ తెలుస్తాదే?” అంది నూకరత్నం, దానమ్మ చెవి పట్టుకుని.

“అప్పన్న హుండీలో పేరు రాసి ఏస్తావేటి? ఆయనకి తెల్దా?”

“ఆయనంటే దేవుడే. ఈళ్లు పార్టీవోళ్లు గదే.”

“ఈళ్లకీ దండలేస్తన్నారు, పాలు పోస్తన్నారు. ఇంకేటి తక్కువ? నోర్మూసుకుని ముడి బిగించు.”

“మూసుకునే ఉన్నాను గదే, నెల్లాళ్ల నుంచి.”

పసుపు గుడ్డలో డబ్బు పెట్టి మూడు ముళ్లు వేశారు. మొక్కు చెప్పకుండా ముడుపు కట్టకూడదు కాబట్టి, చివరి ముడి బిగించే ముందు నూకరత్నం మూటకి నోరు ఆనించి, “మా బజారు మాకే ఉండాల” అని మూడుసార్లు చెప్పింది. పెట్టెలో వేసి దణ్ణం పెట్టుకున్నారు. రసీదు అడగలేదు. ముడుపుకి రసీదు అడిగిన మనిషి ఆ పేటలో పుట్టలేదు.

గురువారం శ్రవణాధికారి కామేశం గారు సరిగ్గా పదకొండింటికి ఫైలు విప్పి, “అభ్యంతరాలు” అన్నారు. నూకరత్నం గీత మీదికి వచ్చి గుండెలనిండా గాలి పీల్చి నోరు తెరిచింది. గొంతు ఆమె నోట్లోంచి రాలేదు. ఫ్యాను పక్కనుంచి దిగింది. నలభై చేపల బజార్ల పెట్టు, కిటికీ అద్దాలు గణగణలాడాయి.

“మా బజారు మాకే ఉండాల!”

కామేశం గారు లేచి నిలబడ్డారు. హాలంతా లేచింది. ధర్మలింగం కూడా అలవాటు కొద్దీ లేచాడు. “అభ్యంతరాన్ని అంగీకరించడమైనది. ధర్మలింగం గారి ప్రతిపాదన రద్దు” అని కామేశం గారు చెప్పుకుంటూ రాసుకున్నారు. ఆడవాళ్లు ఒకరి చేతులొకరు నలిపేసుకున్నారు.

తర్వాత ఆయన నియమం చదివారు. గుప్తంగా వచ్చిన మాట ఎవరిదని అడగకూడదు. ఎవరైనా తమదే అంటే కాదనకూడదు, పేర్లు గుప్తం గనక సరిచూసే దారి లేదు. అయితే ఆ చెప్పుకోవడం గీత వెనకనుంచి వినపడాలి.

మూడో కుర్చీలోంచి రొయ్యల కంపెనీ కొండలరావు లేచాడు. ఆయన పేరు మీద ఇచ్చిన విరాళాలు వేరే ఉన్నాయి. “మాదేనండి ఆ మాట” అన్నాడు. ఆ గొంతుకి వీధి చివర గుర్రబ్బండి ఆగింది.

“మా బజారు అంటే?”

“మా కంపెనీ బజారండి. ఐసు గోదాము కడతాం.”

“మాకే అంటే?”

“మాకేనండి.”

“స్పష్టంగా ఉంది” అని కామేశం గారు రాసుకున్నారు.

నలభైమందీ గీత వెనక ఒక్కసారిగా అరిచారు. మాది, మాది అన్నారు. మెడ నరాలు ఉబ్బాయి. నలభై మూరలు పక్కపక్కన పేర్చినా దూరం మూరెడే. కామేశం గారు అటు చూసి, ఇటు చూసి, “ఇంకెవరైనా?” అని అడిగి, ఎవరూ లేరని నమోదు చేసి కలం మూశారు.

నూకరత్నం గీత దాటింది. పైరవీ అయితే అయిందని బల్ల చుట్టూ తిరిగి వెళ్లి ఆయన చెవి దగ్గర వంగింది. ఒంట్లోంచి చేపల వాసన వస్తోందేమోనని కొంగు అడ్డం పెట్టుకుంది.

“అది మా మాట బాబూ. మేమే మూటలో సెప్పి ఏసినాం.”

ఆయన విసుక్కోలేదు. మంచి మనిషి. “రసీదుందా అమ్మా?”

“ముడుపుకి రసీదేటి బాబూ?”

“పోనీలే. మీ మాట ఏమిటి? బజారు మాకే ఉండాలని. ఆర్డరు చూడు, ఏం రాశాను? అక్షరం పొల్లుపోలేదు. ధర్మలింగం గారంతటి వారిని కాదని మీ మాటే నెగ్గించాం. ఈ ఊళ్లో ఎంతమంది మాట ఇలా ఉన్నదున్నట్టు అమలవుతుంది చెప్పు? ఇంకేం కావాలి నీకు?”

నూకరత్నం ఆర్డరు వంక చూసింది. తడి ఆరని సిరాతో అదే మాట ఉంది, ఆమె మూటలో చెప్పినదే. ఎక్కడ తప్పుందో వెతికింది. కనపడలేదు. వెనక ముప్పైతొమ్మిది మంది పెదాలు ఇంకా కదులుతూనే ఉన్నాయి.

ఆమె తల ఊపింది. కామేశం గారు తృప్తిగా ఆ సంగతి కూడా రాసుకున్నారు. తల ఊపడానికి విరాళం అక్కర్లేదు, అది ఎంత దూరాన్నించయినా కనిపిస్తుంది.