ఎనభయ్యో మూట

ఆ రోజు అంబదాస్ వేసుకున్న పథకంలో మూడే పనులున్నాయి. పది గంటల లోపు తెలంగాణ లారీ కదలాలి. నాలుగింటికల్లా సూరత్‌లో తను పనిచేసే మిల్లు ప్యాకింగ్ విభాగంలో ఫ్యాను కింద ఉన్న ఒకే ఒక్క కుర్చీలో తాను కూర్చోవాలి. ఆరింటికి భార్య భాగీరథిని డుమస్ తీసుకెళ్లి, సముద్రం ఒడ్డున టమాటా భజియా తినిపిస్తూ, ఆ కుర్చీలో ఎలా కూర్చున్నాడో వివరంగా చెప్పాలి.

మూడింటిలో ఒక్కటీ కష్టమైనదిగా కనిపించలేదు, వంటింట్లో రెండు టిఫిన్ డబ్బాలు చూసేదాకా.

ఒకటి తనది. రెండోది ఎదురు గదిలో ఉండే ఓంప్రకాష్‌ది. ఉత్తరప్రదేశ్ మనిషి. అదే మిల్లులో తనలాగే ప్యాకింగ్ మాస్టర్. పెళ్లాం పిల్లలు ఊళ్లో ఉన్నారు కనుక భాగీరథి అప్పుడప్పుడూ అతనికో డబ్బా కట్టి ఇస్తుంది. అంతవరకూ అంబదాస్ ఓర్చుకున్నాడు. ఆ పూట మాత్రం చెయ్యి ఊరుకోక మూతలు తీసి లెక్కపెట్టాడు. ఓంప్రకాష్ డబ్బాలో ఎనిమిది సకినాలు. తన డబ్బాలో రెండు.

"ఏందే ఇది? ఆయనకు ఎనిమిది, నాకు రెండా?"

"ఆయనది ఎనభై సీట్ల రాష్ట్రం, మనది పదిహేడు. సీట్ల లెక్కనే పెట్టిన," అంది భాగీరథి చీర అంచుకు లేసు కుడుతూ, తల ఎత్తకుండానే. "అసలైతే నీకు రెండు గూడ రావు. ఇంటోనివని జర ఎక్కువనే ఏసిన."

"ఈ లెక్క నీకెవలు చెప్పిన్రు?"

"ఓంప్రకాష్ అన్ననే. నిన్న నల్లకాడ చెప్పిండు. ఎంత మంచిగ చెప్తడయ్యా! నువ్వు చెప్తే లొల్లి లెక్క ఉంటది. ఆయన చెప్తే వార్తల లెక్క ఉంటది."

అంబదాస్ మూతలు రెండూ గట్టిగా నొక్కి పెట్టాడు. ఇరవై రెండేళ్లుగా పర్వత్ పాటియాలోని ఆ గల్లీకి దేశ రాజకీయాలు చెప్పింది తను. ఏ ప్రభుత్వం ఎప్పుడు పడుతుందో, ఏ నాయకుడు ఎటు దూకుతాడో తను చెబితేనే చాయ్ బండి దగ్గర జనం గ్లాసులు దించేవారు. రెండేళ్ల కిందట ఈ ఓంప్రకాష్ ఆ గల్లీలో ఒకే ఒక్క అంకెతో దిగాడు. ఎనభై. అంబదాస్ గంటసేపు చెప్పిందంతా ఆ ఒక్క అంకె ముందు తేలిపోయేది. శ్రోతలు ఒక్కొక్కరే బెంచీ మారారు. ఇప్పుడు సకినాలు కూడా మారాయి.

పైగా ఈసారి పార్లమెంటు ఎన్నికల్లో సూరత్‌ స్థానం ఏకగ్రీవమై, పోలింగే లేకుండా పోయింది. ఓటు వేసే పని లేకపోయేసరికి వాళ్లకు వాదించుకునే తీరిక రెట్టింపయింది.

*

పాండేసరలోని ఆ అద్దకం మిల్లుకు ఎన్నికలొస్తే పండగే. ఏ పార్టీ డబ్బిస్తే ఆ పార్టీ జెండాలు. ఈసారి ఉత్తరప్రదేశ్ నుంచి పలక పార్టీ వాళ్లు, తెలంగాణ నుంచి కుండ పార్టీ వాళ్లు ఆర్డరిచ్చారు. రెండూ దేశమంతా ఉన్న పార్టీలే. పలక జెండా వంకాయ రంగు, కుండ జెండా పాలపిట్ట నీలం. పార్లమెంటు స్థానానికొక మూట. అంటే లక్నోకు ఎనభై, కరీంనగర్‌కు పదిహేడు. ఓంప్రకాష్ పలక పార్టీ మనిషి, అంబదాస్ కుండ పార్టీ మనిషి. ఎవరి పార్టీ మూటలు వాళ్లకే అప్పగించాడు సేఠ్.

కానీ ఒక నియమం పెట్టాడు. మూటలన్నీ ఒకే తెల్లగుడ్డలో కుట్టాలి, పైన ఒక్క అక్షరం కూడా ఉండకూడదు. కిందటి ఎన్నికల్లో ఎవరో ఎదుటి పార్టీ మూట మీద పని కట్టుకుని చాయ్ ఒలకబోశారు. అప్పటినుంచి ఏ మూటలో ఏ పార్టీ ఉందో మూట పెట్టిన చోటును బట్టి తెలియాలే తప్ప, చూస్తే తెలియకూడదు.

రెండో మాట కూడా చెప్పాడు. ఎవరి సరుకు తప్పు లేకుండా లారీ ఎక్కితే ఫ్యాను కింది కుర్చీ వాళ్లది. కుర్చీతోపాటు హెడ్ ప్యాకింగ్ మాస్టర్ ఉద్యోగం.

ఎనభై మూటలకు గాలి వచ్చే వాకిలి దగ్గర చోటిచ్చారు. పదిహేడింటికి బాత్రూం గోడ పక్కన. అది చూసినప్పుడల్లా అంబదాస్‌కు తన రాష్ట్రాన్నే అక్కడ కుదేసినట్టుండేది.

తొమ్మిదింటికి చాయ్ దగ్గర గొడవ మొదలైంది.

"దేఖో అంబదాస్ భాయ్," అన్నాడు ఓంప్రకాష్, పదేళ్లుగా తెలుగువాళ్ల మధ్య నేర్చుకున్న తెలుగులో, "మా ఎనభై లేకుంటే ఢిల్లీల ఎవ్వడు కూసుంటడు? మీ పదిహేడు గూడ మంచిదే. చట్నీ లెక్క. పూరీ మాత్రం మాదే."

"మీ ఎనభై ఎప్పుడన్న ఒక్కతీరుగ ఉన్నదా భయ్యా? రెండు ముక్కలైతే నలభై, నలభై. మా పదిహేడు ఒక్కదిక్కు పడితే చూడు, గప్పుడు తెలుస్తది!"

"నలభై అయినా పదిహేడు కంటే ఎక్కువనే గద బావా," అన్నాడు పరమేశ్.

పరమేశ్ పరాయివాడు కాడు. భాగీరథి సొంత తమ్ముడు. అంబదాస్ కిందే లోడింగ్ పని చేస్తాడు. బెంచీ మీద అందరూ నవ్వారు. ఓంప్రకాష్ మాత్రం నవ్వకుండా, డబ్బా తీసి ఒక సకినం కొరికాడు. కరకరమని చప్పుడైంది.

ఆ చప్పుడే కొంప ముంచింది. పది నిమిషాల తర్వాత ప్యాకింగ్ హాలులో ఎవరూ లేని సమయం చూసి, అంబదాస్ వాకిలి దగ్గరి ఎనభై మూటల్లోంచి ఒకదాన్ని బయటికి లాగాడు. నలభై కిలోల బరువు. నలభై ఎనిమిదేళ్ల నడుము. ఆపసోపాలు పడుతూ దాన్ని తన పదిహేడింటి వెనక్కి దొర్లించి టార్పాలిన్ కప్పాడు.

దొంగతనం చేయాలని కాదు. సేఠ్ లెక్క చూసే ఆ కాసేపు ఉత్తరప్రదేశ్‌కు డెబ్బైతొమ్మిది సీట్లు ఉంటే చాలనుకున్నాడు. ఆ తర్వాత తనే వెతికి ఇచ్చేస్తాడు.

సేఠ్ వచ్చాడు, లెక్కపెట్టాడు, మళ్లీ లెక్కపెట్టాడు. హిందీ, గుజరాతీ కలిపి అరిచాడు. "ఎనభై ఉండె సేఠ్‌జీ, నా కళ్లతోని చూసిన," అంటూ ఓంప్రకాష్ మూటల చుట్టూ తిరుగుతున్నాడు. ఆ అంకె అతని నోట అంత నీరసంగా రావడం అంబదాస్ మొదటిసారి విన్నాడు. ఒక్క చాయ్ తాగేంతసేపు ఈ సుఖం అనుభవించి, అప్పుడు మూట దొరికించుదామని బయటికి నడిచాడు.

చాయ్ తాగి వచ్చేసరికి బాత్రూం గోడ పక్కన ఖాళీ నేల ఉంది. టార్పాలిన్ శుభ్రంగా మడతపెట్టి ఉంది.

"బావా, పని ఖతం!" పరమేశ్ చేతులు దులుపుకుంటూ ఎదురొచ్చాడు. "లారీ పంపిన. పది గూడ కాలే ఇంక."

"ఎన్ని ఎక్కిచ్చినవ్ రా?"

"పద్దెనిమిది. చలాన్ల పదిహేడే ఉండె. ఎవలో తప్పు రాసిన్రని నేనే ఏడును ఎనిమిది చేసిన." గొంతు తగ్గించి కన్ను గీటాడు. "తెలంగాణకు ఒక సీటు పెరిగింది బావా. ఖుషీయేనా?"

*

బావా బామ్మర్దులు మోటారు సైకిల్ మీద బయలుదేరారు. పాండేసర నుంచి పర్వత్ పాటియా వచ్చేసరికి ఫోన్ మోగింది. భాగీరథి.

"డ్యూటీ వదిలి ఎటు పోతున్నవ్? గల్లీ మూల మీదికెల్లి పోతుంటే చూసిన."

నోటికొచ్చింది చెప్పాడు. "ఓంప్రకాష్ మూట పోయిందే. దేవులాడబోతున్న."

అవతల నుంచి పెళ్లయిన కొత్తలో వినిపించిన గొంతు వినిపించింది. "నువ్వు ఇంత మంచోనివని నాకు ఇన్నేండ్లు తెల్వకపాయె!" ఆమె ఆ ఫోన్ పెట్టేసి వెంటనే ఓంప్రకాష్‌కు చేసింది.

లారీ కడోదరా చౌరస్తాలో దొరికింది. డ్రైవర్ రొట్టె తింటున్నాడు. "ఏది కావాలో తీసుకొని పో, నాకు టైం లేదు," అన్నాడు హిందీలో. తాడు విప్పితే పద్దెనిమిది మూటలు. అన్నీ తెలుపే, అన్నీ ఒకే కొలత.

పరమేశ్ వాటిని మళ్లీ ఒకసారి లెక్కపెట్టాడు. "ఎట్ల కనుక్కుంటవ్ బావా? విప్పి చూద్దామా?"

"కుట్టు విప్పితే సేఠ్‌కు ఎరుక కాదా? నా చెయ్యి ఉన్నది గద." ఇరవై రెండేళ్లుగా అంబదాస్ గొప్పగా చెప్పుకుంటున్న మాట అది. మూట మీద చెయ్యి వేస్తే లోపలి బట్టేదో, రంగేదో చెప్పేస్తాడని మిల్లంతా నమ్ముతుంది. ఒక్కో మూటనూ నొక్కుకుంటూ పోయాడు. ఎండకు అన్నీ రొట్టెల్లా కాలుతున్నాయి. మూడో వరుసలో ఒకదాని దగ్గర ఆగాడు. "ఇదే. వంకాయ రంగు పట్టిన బట్ట జర బిగుసుకుంటది."

చలాన్లో ఎనిమిదిని మళ్లీ ఏడు చేశారు. ఆ అంకె ఇప్పుడు ఏడులా లేదు, ఎనిమిదిలా కూడా లేదు. మూటను మూడో మనిషిలా మధ్యలో కూర్చోబెట్టుకుని మిల్లుకు తిరిగొచ్చారు.

గేటు దగ్గరే ఓంప్రకాష్ వచ్చి వాటేసుకున్నాడు. "భాభీ అంతా చెప్పింది భాయ్! నా కోసం షహర్ అంతా తిరిగినవ్!" అతని కళ్లలో నీళ్లు చూసి అంబదాస్‌కు కొంచెం సిగ్గేసింది. మూట వేరే బండిలో పొరపాటున ఎక్కిందని సేఠ్‌కు చెప్పాడు. సేఠ్ భుజం తట్టి, "కుర్చీ సంగతి మాత్రం రెండు ఊళ్ల నుంచి ఫోన్లు వచ్చాకే," అన్నాడు.

డుమస్ వాయిదా పడింది. కానీ మర్నాడు పొద్దున డబ్బాల మూతలు తీస్తే ఐదు, ఐదు ఉన్నాయి. చాయ్ బండి దగ్గర ఓంప్రకాష్ స్వయంగా, "సీట్లు మావి పెద్దవి, దిల్ మాత్రం తెలంగాణది పెద్దది," అని ప్రకటించాడు. శ్రోతలు సగం మంది ఈ బెంచీకి తిరిగొచ్చారు. అంబదాస్ రెండు రోజులు హాయిగా నిద్రపోయాడు.

*

మూడో రోజు సేఠ్ ఇద్దర్నీ పిలిచాడు. వెనకే ప్యాకింగ్ హాలంతా వచ్చి నిలబడింది.

"కరీంనగర్ నుంచి ఫోన్," అన్నాడు సేఠ్. "కార్యకర్తలందరి ముందు మూటలు విప్పారట. పదహారింట్లో కుండ జెండాలు. ఒకదాంట్లో పలక జెండాలు! ఆ చలాన్లో ఉన్న అంకె ఏమిటో కూడా వాళ్లకు అర్థం కాలేదట." అంబదాస్ తన కుడిచేతిని వీపు వెనక దాచుకున్నాడు.

"రెండో ఫోన్ ఉత్తరప్రదేశ్ నుంచి. ఒక ఊళ్లో పలక పార్టీ నాయకుడు తన మూట విప్పితే అందులో కుండ జెండాలున్నాయి."

ఓంప్రకాష్ తల వాల్చాడు. అంబదాస్‌కు ప్రాణం లేచొచ్చింది. ఇద్దరికీ చెరో తప్పు. కుర్చీ ఎవరికీ లేదు. అదీ మంచిదే.

అప్పుడు సేఠ్ నవ్వాడు. "ఆ నాయకుడు అదే రోజు పొద్దున పలక పార్టీకి రాజీనామా ఇచ్చి కుండ పార్టీలో చేరాడట. రెండు గంటల్లో సభ. ఐదువేల మంది అనుచరులు. జిల్లా మొత్తం వెతికినా ఒక్క కుండ జెండా లేదు. కోపంతో పాత మూటను చింపబోతే నిండా కుండ జెండాలు! ఇంకో ఇరవై మూటలు ఆర్డరిచ్చాడు. నన్ను ఒకటే అడిగాడు. 'నా భార్యకు కూడా చెప్పని సంగతిని అంత ముందుగా పసిగట్టిన మనిషి మీ మిల్లులో ఎవడు?'" సేఠ్ ఓంప్రకాష్ చెయ్యి పట్టుకుని ఫ్యాను వైపు నడిపించాడు. "మన ఓంప్రకాష్ అని చెప్పాను."

"సేఠ్‌జీ, నాకేం తెల్వదు..." ఓంప్రకాష్ నిజాయితీగా గొణిగాడు. అది వినయమనుకుని హాలంతా చప్పట్లు కొట్టింది.

అంబదాస్ ఇక ఆగలేకపోయాడు. "ఆ మూట నాది! ఈయన మూట నేనే దాచిన! లారీ ఎక్కితే ఎంటవడి పోయి, ఇది అనుకొని అది తెచ్చిన! అంతా నేనే చేసిన!"

చప్పట్లు ఆగిపోయాయి. సేఠ్ జాలిగా చూశాడు. "అంబదాస్, అసూయకు కూడా ఒక హద్దుండాలి."

"మా బామ్మర్దిని అడుగు సేఠ్! అరేయ్ పరమేశ్, చెప్పురా!"

చలాన్ రెండుసార్లు దిద్దిన పరమేశ్ తిరుగుతున్న ఫ్యాను వైపు దీక్షగా చూశాడు. "నాకేం ఎరుక బావా? అయినా మూట మీద చెయ్యి ఏస్తే రంగు చెప్పేటోనివి, నువ్వు తప్పు మూట తెచ్చినవంటే ఎవలు నమ్ముతరు?"

మిల్లంతా అవునంది.

మర్నాడు పొద్దున మూతలు తీస్తే ఓంప్రకాష్ డబ్బాలో తొమ్మిది సకినాలున్నాయి, తన డబ్బాలో ఒకటి. అతను అడక్కముందే భాగీరథి లేసు కుడుతూ చెప్పింది. "మళ్ల సీట్ల లెక్కనే పెట్టిన. నీ రెండిట్ల ఒకటి పార్టీ మారింది."

మధ్యాహ్నం ఫ్యాను కింది కుర్చీలోంచి ఓంప్రకాష్ వంగి, "భాయ్, పొత్తు పెట్టుకుందాం," అంటూ నాలుగు సకినాలు అతని డబ్బా మూతలో వేశాడు. అంబదాస్ వాటిని కింద కూర్చునే తిన్నాడు. రాజకీయాల్లో దాన్ని బయటి నుంచి మద్దతు అంటారు.