బాదం పొడి చేసిన మేలు

కూరలో బాదం పొడి వెయ్యని ఇళ్లలో సంసారం సవ్యంగా సాగుతోందంటే నేను నమ్మను. మీరు నవ్వుతారని తెలుసు. ముందు మా వీధి చివర టైలరమ్మ ఇంట్లో ఏం జరిగిందో వినండి, తర్వాత తీరిగ్గా నవ్వుదురుగాని.

టైలరమ్మ భర్త ఒక గిడ్డంగిలో సూపర్‌వైజరు. బస్తాలు మొయ్యడం ఆయన పని కాదు. మోసేవాళ్లు సరిగ్గా మోస్తున్నారో లేదో చూడడం ఆయన పని. ఆ అలవాటు ఇంటికీ వెంట వచ్చింది. ఒక సాయంత్రం ఫోన్లో ఏదో వీడియో చూసి, వంటింటి గుమ్మానికి చేరగిలబడ్డారు.

"రేపట్నుంచి మనింట్లో ప్రతి కూరలోనూ బాదం పొడి పడాలి. హోటల్ కూరకి ఆ రుచి ఎక్కణ్ణుంచి వస్తుందనుకున్నావ్?"

"పప్పు నానబెట్టి, తొక్క తీసి, ఆరబెట్టి, పొడి కొట్టాలండీ."

"అంతేగా," అన్నారాయన.

ఆ రోజు నుంచి ఆ ఇంటికి పట్టిన అదృష్టం అంతా ఇంతా కాదు! కారం ఎక్కువైతే బాదం పొడి. ఉప్పెక్కువైతే బాదం పొడి. చుట్టాలు చెప్పకుండా దిగితే బాదం పొడి, కాసిని వేణ్ణీళ్లు. కాకరకాయ సైతం మర్యాదగా మాట్లాడడం నేర్చుకుంది. నానిన పప్పుని వేళ్లతో నొక్కితే తొక్క చేతిలో ఉండి, పప్పు ఎగిరి స్టవ్ కిందికి పోతుంది. వంగి వెతుక్కుంటే నడుముకి వ్యాయామం. జిమ్ముల చుట్టూ తిరిగేవాళ్లకి ఈ సంగతి ఎవరు చెప్పాలి?

ఒక్కటే చిక్కు. బాదం పడిన గ్రేవీ పొయ్యి మీద ఉన్నంతసేపూ గరిటె ఆడుతూనే ఉండాలి, లేకపోతే అడుగంటుతుంది. దించితే ముద్దలా బిగుసుకుంటుంది. కాబట్టి సన్నటి మంట మీదే ఉంచి, వేడివేడిగా వడ్డించాలని సూపర్‌వైజరుగారి ఉత్తర్వు. ఆయనా, ఆయన తల్లీ బల్ల దగ్గర కూర్చుంటే, టైలరమ్మ పొయ్యి దగ్గర నిలబడేది. వాళ్లు చేతులు కడుక్కున్నాక, గిన్నెలో మిగిలిన ముద్దని అన్నంలో మెదుపుకుని ఒక్కతే తినేది. పగలంతా మిషన్ తొక్కి వచ్చిన మనిషికి, ముగ్గురూ కూర్చుని కబుర్లాడుతూ తినే ఆ కాసేపే సుఖం. అది కాస్తా బాదం పాలైంది.

పోనిద్దురూ, రుచి అంటే ఆ మాత్రం త్యాగం ఉండదా?

ఇంతలో ఒక ఆదివారం సూపర్‌వైజరుగారికి పొడి బరకగా తోచింది. "నువ్వు మాటిమాటికీ మిక్సీ ఆపుతున్నావ్. అందుకే ఇలా ఏడుస్తోంది. నేను చూపిస్తా చూడు," అని తనే మీట నొక్కి, ఆపకుండా తిప్పారు. జార్ వేడెక్కింది. బాదం పొడి కావడం మానేసి, నూనె కక్కుకుని, జార్ గోడలకి బంకలా అతుక్కుంది.

"చూశావా, అసలు సారం ఇప్పుడొచ్చింది," అంటూ మొత్తం కూరలో గుమ్మరించారు.

టైలరమ్మ గరిటె ఆయన చేతికిచ్చింది. "ఇది మీ చేతి బాదమండీ. దీని తీరు నాకు తెలీదు. మీరే కలుపుతూ ఉండండి."

అత్తగారు అప్పటికే బల్ల దగ్గర ఉన్నారు. "అవునమ్మాయ్, వాడి వంటలో నువ్వు వేలు పెట్టకు. రా, కూర్చో. జాకెట్టు కుట్టించుకోడానికి వచ్చిన ఆ మనిషి సంగతి సగంలో ఆపేశావు."

ఇద్దరూ తిన్నారు. వేడివేడిగా, నిదానంగా, జాకెట్టు మనిషి సంగతి పూర్తయ్యేదాకా.

"నేనెప్పుడు తినాలే అమ్మా?" వంటింట్లోంచి గొంతు వచ్చింది.

"మేం లేచాక తిందువుగానిలే. కలుపు నాయనా, అడుగంటుతోంది, వాసనొస్తోంది."

ఆయన వంతు వచ్చేసరికి కూర గరిటెతో పాటు లేచి వచ్చింది. బల్ల దగ్గర ఎవరూ లేరు. పొయ్యి పక్కనే నిలబడి, చల్లారిన ఆ ముద్దని అన్నంలో మెదుపుకుని తిన్నారు.

మర్నాడు పొద్దున్నే ప్రకటన వెలువడింది. "రుచిదేముందే, మామూలు కూర చాలు. అందరం కలిసి కూర్చుని తినడం ముఖ్యం."

ఎంత గొప్ప మాట చెప్పారు! బాదం తింటే బుద్ధి పెరుగుతుందని పెద్దలు ఊరికే అన్నారా? కాకపోతే చల్లారాక తినాలి. వంటింట్లో, నిలబడి, ఒక్కళ్లే తినాలి.