నత్త, కుందేలు, పై ఇల్లు

పదకొండింటికి ఆవిడకు ఆన్‌లైన్‌లో ఇంటర్వ్యూ. ఒక బడిలో లైబ్రేరియన్ ఉద్యోగం. పాత రూటరు మాటిమాటికీ పడకేస్తోందని కొత్తది కొన్నారు. బిగించడానికి మనిషిని పిలుద్దామని ఆవిడ అంటే, వాచీలు బాగుచేసే ఆమె భర్తకు పౌరుషం పొడుచుకొచ్చింది. కంటికి ఆనని చక్రాలను కదిలించే చేతులకు ఈ డబ్బా ఒక లెక్కా అంటూ, తొమ్మిదింటికే భూతద్దం పెట్టుకుని కూర్చున్నాడు.

డబ్బాతో వచ్చిన పుస్తకం చదివాడు. ఇది రెండు బ్యాండ్ల రూటరు. ఒకటి నెమ్మదిగా నడిచినా దూరం పోతుంది. రెండోది పరుగెత్తుతుంది కాని గోడ అడ్డొస్తే నీరసిస్తుంది. ఫోనులో రెండు పేర్లు కనబడతాయి. తీగలన్నీ తగిలించి ఫోను చూస్తే ఆ రెండు పేర్లూ ఉన్నాయి. పుస్తకంలోని పాస్‌వర్డు కొట్టగానే లోపలికి రానిచ్చింది. మొదటిదానికి 'నత్త' అనీ రెండోదానికి 'కుందేలు' అనీ పేర్లు మార్చి, పాస్‌వర్డు కూడా మార్చాడు. నెట్టు జోరుగా వచ్చింది.

"చూశావా?" అన్నాడు. ఆవిడ సర్టిఫికెట్లు సర్దుకుంటూ తల ఊపింది.

పదింటికి పై ఇంటావిడ తలుపు తట్టింది. ఆ ఇంట్లో దిగి రెండు వారాలే అయింది. తనూ నిన్ననే అదే రకం డబ్బా తెచ్చుకున్నాననీ, ఉన్నట్టుండి నెట్టు పోయిందనీ, కాస్త చూడమనీ అడిగింది. ఆయన ఆపరేషనుకు వెళ్లే డాక్టరులా మెట్లెక్కి, డబ్బా వెనక కన్నంలో సన్న స్క్రూడ్రైవరు పెట్టి పది లెక్కపెట్టేదాకా నొక్కాడు. డబ్బా పాత పేర్లకు తిరిగొచ్చింది. ఆవిడకు నెట్టూ వచ్చింది.

కిందికి దిగేసరికి ఇంట్లో నత్తా లేదు, కుందేలూ లేదు. మళ్లీ కూర్చుని రెంటినీ పుట్టించాడు. ఐదు నిమిషాల్లో పై ఆవిడ దిగొచ్చింది. మళ్లీ ఎక్కాడు, నొక్కాడు, దిగాడు, పుట్టించాడు. ముచ్చటగా మూడోసారికి ఆయన మోకాళ్లు పట్టేశాయి. ఈ భవనం తీగల్లోనే ఏదో తేడా ఉందని తేల్చేశాడు.

పదకొండుకు పది నిమిషాలుంది. పై ఆవిడ మళ్లీ గుమ్మంలో నిలబడి ఉంది. అప్పుడు భార్య మొదటిసారి డబ్బా దగ్గరికొచ్చి వంగి చూసింది.

"ఏవండీ, దీనికి లైట్లు వెలగవా?"

"వెలుగుతాయి. పుస్తకంలో ఉంది."

"ఎప్పుడు?"

ఆయన గోడవైపు చూశాడు. ప్లగ్గు పెట్టి ఉంది, స్విచ్చి వెయ్యలేదు. పొద్దుటినుంచీ పేర్లు పెడుతున్నది, కంపెనీ ఇచ్చిన అదే పాస్‌వర్డున్న పై ఇంటి డబ్బాకి.

పై ఆవిడకు విషయం అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. "పదకొండింటికి నేనొక ఇంటర్వ్యూ చెయ్యాలండీ," అంది నీరసంగా. "మా బడి లైబ్రరీకి. అవతల ఎవరో పాపం ఎదురుచూస్తూ ఉంటారు."

"ఎదురుచూస్తున్నది నేనేనండీ," అంది భార్య.

ఇంటర్వ్యూ నెట్టుతో పని లేకుండా వంటింటి బల్ల దగ్గర జరిగింది. ఆయనను వరండాలో కూర్చోబెట్టారు. చిక్కులొస్తే ఓపిక పట్టగలరా అన్న ప్రశ్నను పై ఆవిడ అడక్కుండానే మార్కులు వేసేసింది.

వారానికి ఉద్యోగం వచ్చింది. నియామకపత్రం అడుగున చేత్తో రాసిన షరతు ఒకటి ఉంది: బడి కంప్యూటర్లను కుటుంబసభ్యులు తాకరాదు.