కోచ్ ఎందుకండీ, బాబాయి ఉండగా!

ముందే ఒప్పేసుకుంటున్నాను. నాలుగు నెలలుగా ప్రతి ఆదివారం షూటింగ్ క్లబ్బులో ఎయిర్ రైఫిల్ కాలుస్తున్నాను. ఇంతవరకూ నా టార్గెట్ కాగితం మీద ఒక్క చిల్లు పడలేదు. తీసుకెళ్లి షాపులో తిరిగిచ్చేయొచ్చు, అంత కొత్తగా ఉంది!

అయినా నా మాట వినండి. గురి నేర్చుకోవడానికి కోచ్ అక్కర్లేదు. ఫీజు తీసుకుని చెప్పేవాడికి మనమీద ప్రేమేముంటుంది? అడక్కుండా చెప్పేవాళ్లదే అసలు ప్రేమ!

మా బాబాయినే చూడండి. ఆయనది కళ్లద్దాల షాపు. తుపాకీని దగ్గరగా చూసింది రెండేచోట్ల: బ్యాంకు గుమ్మంలో, నా చేతిలో. "ఊపిరి బిగబట్టవే!" అన్నారు. బిగబట్టాను. ఆఫీసులో మా టీమ్ లీడ్ ఓ వీడియో చూసొచ్చి, "ఊపిరి వదిలెయ్. రెండు కళ్లూ తెరువు. ఛాంపియన్లంతా అంతే!" అన్నాడు. వదిలాను, తెరిచాను. ఇద్దరూ కలిసి వచ్చిన ఆదివారం నాకు ఎక్కిళ్లు పట్టుకున్నాయి.

రైఫిల్ మీద గురి సరిచేసే చిన్న మర ఒకటుంటుంది. వచ్చినవాళ్లల్లా దాన్ని ఓసారి తిప్పి వెళ్లేవారు. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. నడుస్తున్న సర్వర్ సెట్టింగులు దారినపోయేవాళ్లు మారిస్తే ఏమవుతుందో నాకు తెలీదా? అయినా నోరెత్తలేదు. పెద్దవాళ్లు కదా!

ఫలితం? నా ఎడమ పక్క లేన్‌లో రిటైరైన లెక్కల మాస్టారు పది పెల్లెట్లు, అదే సీసపు గుళ్లు, కాలిస్తే పదిహేడు చిల్లులు! "అమ్మాయీ, నలభై ఏళ్ల సర్వీసులో ఇలాంటి కూడిక చూళ్లేదు" అన్నారు పాపం. పరోపకారం అంటే ఇదే కదండీ!

చిక్కల్లా మొన్నటి ఆదివారంతో వచ్చింది. పరీక్ష! పదిలో ఐదు నల్ల వలయంలో పడకపోతే బ్యాచ్ నుంచి పేరు కొట్టేస్తారు. నేనేమో ఆఫీసంతా గొప్పలు చెప్పుకుని కూర్చున్నాను. శనివారం ఎవరికీ చెప్పకుండా క్లబ్బు కోచ్ దగ్గరికెళ్లాను.

విచిత్రం, ఆయన ఏమీ చెప్పలేదు. అడిగారు.

"రెండు కళ్లూ తెరిచి ఆ గోడ గడియారానికి వేలు చూపించమ్మా. ఇప్పుడు కుడి కన్ను మూయి. వేలు కదిలిందా?"

"లేదండీ."

"ఇప్పుడు ఎడమది మూయి."

వేలు గడియారం దాటి క్యాలెండర్ మీదికి దూకింది!

"నీకు ఎడమ కంటిదే పెత్తనం. తుపాకీ కుడి భుజాన పెట్టి, ఆ కంటితో గురి చూస్తున్నావు. అందుకే అన్నీ మాస్టారి ఇంటికి వెళ్తున్నాయి."

నా కళ్లజోడు ఎడమ అద్దానికి చిన్న కాగితం ముక్క అంటించి, మర సరిచేశారు. అంతే! ఆదివారం ఆరు పడ్డాయి.

బాబాయి ఛాతీ పొంగిపోయింది. "నేను చెప్పినట్టే బిగబట్టావు కదూ!" అన్నారు. నాలుగు నెలల్లో నా కళ్ల గురించి ఒక్క ముక్క అడగని కళ్లద్దాల షాపాయన!

ఇలాంటివాళ్లని చూస్తే ఒళ్లు మండదూ? అదే అనుకుంటూ పక్కకి చూశాను. కొత్తగా చేరిన ఓ ఆవిడ పెల్లెట్లన్నీ గోడకి కొడుతోంది. ఎలా ఊరుకుంటాను? రైఫిల్ కింద పెట్టగానే, "అక్కా, ఒక్క నిమిషం!" అంటూ ఆవిడ ఎడమ అద్దానికి కాగితం అంటించేశాను.

వెనకనుంచి కోచ్ గొంతు వినిపించింది. "ఆవిడ ఎడమ భుజాన పెట్టుకుని కాలుస్తోంది కదమ్మా. ఇప్పుడు దేంతో చూడాలి?"

మీకూ అడక్కుండా నేర్పినవాళ్లు ఉండే ఉంటారు. ఆ కథలు రాసి పంపండి. సలహాలు మాత్రం వద్దు, మా ఇంట్లో స్టాకుంది. అక్షరాలు కాస్త పెద్దగా రాయండి. నా ఎడమ అద్దం మీది కాగితం ఇంకా తియ్యలేదు.