డాబా మీద కౌన్సెలింగ్

కరోనాకు బట్టలు నేసే సాంచాలు బందైన నాటి నుంచి అంబదాస్‌కు నిద్ర లేదు. తెలుగు నేతగాళ్లు వలసవచ్చిన పరాయి రాష్ట్రపు బస్తీ వడోద్‌లోని ఒంటిగది ఇంట్లో రాత్రంతా పైకప్పు చూస్తూ పడుకునేవాడు. భార్య ఊర్మిళ నలుగురినీ అడిగి, ఫోన్‌లోనే తెలుగులో మాట్లాడే మానసిక వైద్యురాలు శ్రీలేఖ నంబరు సంపాదించింది. పొద్దున చాయ్ తాగి డాబా ఎక్కాలి, ఎవరి చెవినా పడకుండా మాట్లాడి రావాలి. ఇదీ ఏర్పాటు.

"నాకేమన్న పిచ్చి లేసిందా?" అన్నాడు అంబదాస్.

"లేవకముందే మాట్లాడుమంటున్న," అని ఊర్మిళ ఫోన్ చేతిలో పెట్టింది.

ఏర్పాటులో ఒక్కటే లోపం. మరమగ్గాల మోతలో ఏళ్ల తరబడి పనిచేసిన అంబదాస్‌కు మెల్లగా మాట్లాడడం రాదు.

"ఇప్పుడు మీకెలా అనిపిస్తోందండీ?" అని అడిగింది శ్రీలేఖ.

"ఛాతి మీద బండ పెట్టినట్టున్నది మేడం. ఊపిరి ఆడ్తలేదు."

పక్క డాబా మీద బట్టలారేస్తున్న సాంబయ్యకు ఆ చివరి మాటే అందింది. ముక్కు మీదికి రుమాలు లాక్కుని కిందికి పరుగెత్తాడు. గల్లీ చివరికి చేరేసరికి అంబదాస్‌కు కరోనా ఖాయమైపోయింది. ఎవరో అంబులెన్స్‌కు ఫోన్ చేశారు.

పైన డాబా మీద, ఫోన్‌లోంచి శ్రీలేఖ అతన్ని వెల్లకిలా పడుకుని, కళ్లు మూసుకుని, ఊపిరి నెమ్మదిగా వదలమంది. అంబదాస్ అలాగే చేశాడు. కనుకొలకుల్లోంచి నీళ్లు కారాయి.

"మా ఊర్మిళకు చెప్పలే మేడం. నాకు భయమైతున్నది," అన్నాడు, బతుకులో మొదటిసారి మెల్లగా. తర్వాత కదలకుండా ఉండిపోయాడు.

సరిగ్గా అప్పుడే సాంబయ్య మళ్లీ డాబా ఎక్కి తొంగిచూశాడు.

"ఊర్మిళక్కా, అంబదాసన్న పోయిండే," అని గావుకేక పెట్టాడు.

ఊర్మిళ చెప్పులైనా లేకుండా మెట్లెక్కి మొగుడి మీద పడి ఏడ్చింది. అంబదాస్ కళ్లు తెరిచాడు. భార్య ముఖం, దాని వెనుక నిలువెల్లా తెల్లగా ఒక ఆకారం కనిపించాయి.

"నేను సచ్చిన్నా?" అని అడిగాడు.

"సచ్చినోడు గిట్ల అడుగుతడా?" అంటూ ఊర్మిళ ఏడుపులోనే భుజం మీద ఒకటి వేసింది.

ఆ తెల్లసూటు మనిషి అంబులెన్స్‌లో వచ్చిన పరుశురాం. నవాగామ్ బస్తీ తెలుగువాడే. అంబదాస్ వేలికి మిషను తగిలించి చూసి, "మంచిగనే ఉన్నడు," అన్నాడు. ఫోన్‌లో శ్రీలేఖ కంగారుపడుతుంటే, అందుకుని సంగతి చెప్పాడు.

ఆమె ఊపిరి పీల్చుకుని, "మరి మీరెలా ఉన్నారు?" అని అలవాటుగా అడిగింది.

పరుశురాం పిట్టగోడకు ఆనుకుని కూలబడ్డాడు.

"బిడ్డను ఎత్తుకోక నెలయింది మేడం," అన్నాడు. కళ్లద్దాల లోపల ఆవిరి కమ్మేసింది.

అంబదాస్ ఫోన్ అతని దగ్గరే వదిలేసి, భార్య చెయ్యి పట్టుకుని మెట్లు దిగాడు.

"రాత్రిళ్లు భయమైతుంది ఊర్మిళా."

"నాకు గూడ," అంది ఊర్మిళ.

గల్లీలో అంబులెన్స్ డ్రైవర్ సోమలింగం విసుగ్గా హారన్ కొడుతున్నాడు.

"పేషెంటు ఏడమ్మా?"

ఊర్మిళ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"పైన ఉన్నడన్నా, మీవాడే. జర టైం పడ్తది."