ఏ చెవిలో అసలు కెంపు

ఆ రోజు భూతద్దం గారి ప్రణాళిక చాలా చిన్నది. ఎనిమిదింటికి లేవడం, చొక్కా ఇస్త్రీ చేసుకోవడం, మధ్యాహ్నం మూడింటికి ప్రయోగశాలలో కొత్త బ్యాచ్‌కి పాఠం చెప్పడం. మొదటిది కుదరలేదు, లేచేసరికి తొమ్మిదిన్నర. రెండోదానికి చొక్కా కనబడలేదు. మూడోదాని సంగతి చెప్పుకోవడానికే ఇదంతా.

ఆయన రత్నాల పరీక్షకుడు. ఇరవై రెండేళ్ళుగా ఒకే ప్రయోగశాలలో, ఒకే కుర్చీలో కూర్చుని, జనం తెచ్చిన రాళ్ళని చూసి ఇది భూమిలో పుట్టింది, ఇది కొలిమిలో పుట్టింది అని తేల్చి చెబుతుంటారు. మెడలో ఎప్పుడూ వేలాడే చిన్న భూతద్దం వల్ల ఆఫీసులో ఎవరో ఆ పేరు పెట్టారు, వీధిలో అందరికీ అదే అలవాటైపోయింది. ఇంట్లో ఉప్పుని, ద్రాక్షపళ్ళని, అత్తగారి ముత్యాల దండని, అన్నిటినీ ఆ అద్దంలోంచే చూస్తారు. భార్యతో నగల దుకాణానికి వెళ్ళినప్పుడల్లా అద్దం తీసి, పెదవి విరిచి, "కొలిమి సరుకు" అని పైకే అనేవారు. ఆయన వీధి మలుపు తిరగ్గానే షట్టరు సగం దించే దుకాణాలు మూడున్నాయి. అందువల్ల పెళ్ళై పాతికేళ్ళయినా ఆమెకి ఆయన చేతుల మీదుగా ఒక్క రాయి కూడా రాలేదు.

ఇంతకీ ఆ చొక్కా. దాని జేబులో రెండు కాగితం పొట్లాలున్నాయి. ఒకదాని మీద 'సహజం' అనీ, రెండోదాని మీద 'కృత్రిమం' అనీ రాసి ఉంది. రెండింటిలోనూ కెంపులే. ఒకే సైజు, ఒకే ఎరుపు, ఒకే కోత. బరువులోనూ గట్టితనంలోనూ తేడా ఉండదు. సూక్ష్మదర్శిని కింద పెడితే తప్ప ఎవరూ పోల్చలేరు. శిక్షణ కోసం ప్రయోగశాల ఏళ్ళ తరబడి దాచుకున్న నమూనా జంట అది. వాటిని ఇంటికి తీసుకెళ్ళకూడదని నిబంధన ఉంది. ఆ నిబంధన రాసింది ఆయనే. పాఠం ఒకసారి తిరగేసుకుందామని తెచ్చుకుని, పొట్లాలు విప్పకుండానే హాయిగా నిద్రపోయారు.

"అత్తయ్యా, నిన్నటి నా చొక్కా చూశారా?"

"అమ్మాయి పొద్దున్నే ఉతికేసింది అల్లుడు గారూ. అదిగో, తీగ మీద ఆరుతోంది."

భూతద్దం గారు జేబులో వేలు పెడితే తడి దూది లాంటిదేదో తగిలింది. అది రెండు పొట్లాల కాగితం. రాళ్ళు లేవు. వాషింగ్ మెషిన్ దగ్గరికి పరుగెత్తి, జల్లెడ పీకి, నేల మీద బోర్లా పడుకుని, భూతద్దంతో దాని కడుపులోకి చూడడం మొదలుపెట్టారు. సోమవారం పైనుంచి తనిఖీ ఉంది. నమూనా పెట్టెలో ఒక్క రాయి తగ్గినా ఆ కుర్చీ ఇంకొకరిది అవుతుంది. కొలిమిదైతే అలాంటిది ఇంకోటి తెచ్చి పెట్టొచ్చు, అసలు కెంపు మాత్రం మూడింటిలోపు పెట్టెలోకి చేరాలి.

అలా పడుకుని ఉండగానే వీధి తలుపు చప్పుడైంది.

"ఏమండీ!" అని భార్య లోపలికి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. రెండు చెవులకీ రెండు ఎర్రటి రాళ్ళు. "చెప్పకుండా జేబులో పెట్టేసి నిద్రపోతే నేను చూడననుకున్నారా? జల్లెడలో దొరికాయి. ఇవాళ మన పెళ్ళిరోజని మీకు గుర్తుందని కలలో కూడా అనుకోలేదు. రాళ్ళూడిపోయిన పాత దిద్దులున్నాయిగా, కంసాలి గంటలో బిగించి ఇచ్చాడు."

పెళ్ళిరోజు ఆయనకి గుర్తు లేదు. ఆ మాట చెప్పడానికి అది సమయం కాదని మాత్రం అర్థమైంది.

"మీ పద్ధతి నాకు తెలుసు కాబట్టి చెబుతున్నా," అంది ఆమె కళ్ళు తుడుచుకుంటూ. "వెయ్యి రాళ్ళు చూసి వెయ్యింటికీ వంక పెట్టే మనిషి, నా కోసం రెండు ఏరి తెచ్చారంటే, ఇంకేం కావాలండీ నాకు?"

ఇరవై రెండేళ్ళుగా కొలిమి రాయిని కొలిమి రాయి అని మొహమాటం లేకుండా చెప్పిన మనిషి, ఆ క్షణంలో నేల చూపులు చూస్తూ, "నీకు బాగున్నాయి," అని ఊరుకున్నారు. ఇది ఆయన చేసిన రెండో తప్పు.

వెంటనే బుర్రలో ఒక ఉపాయం తట్టింది. అసలుది ఏ చెవిలో ఉందో కనిపెడితే చాలు. బిగింపు వదులుగా ఉందనో మరోటనో ఆ ఒక్క దిద్దూ అడిగి తీసుకుని, రాయి పెట్టెలో పెట్టేసి, తర్వాత అలాంటిదే ఇంకోటి బిగించి ఇచ్చెయ్యొచ్చు.

"ఒక్కసారి తీసి ఇస్తావా, చూస్తాను."

"ఇప్పుడు రావండీ. చెవులకి ఏమీ పెట్టుకోక ఎన్నేళ్ళయిందో! మూసుకుపోయిన రంధ్రంలో నెట్టి నెట్టి పెట్టుకున్నా. చెవి తమ్మెలు ఎలా ఉబ్బాయో చూడండి. అయినా ఇవాళ తీయను."

తీయకపోతే చెవి దగ్గరికే వెళ్ళాలి. ఆమె వంటగదిలో టీ పెడుతుండగా భూతద్దం గారు వెనకనుంచి వచ్చి, అద్దం కంటికి ఆనించి, ముక్కు చెవికి తగిలేంత దగ్గరగా వంగారు. సహజమైన కెంపులో పట్టుదారాల లాంటి సన్నని సూదులు కనిపిస్తాయి. కొలిమిలోదైతే వంకర గీతలూ గాలిబుడగలూ ఉంటాయి. ఇదంతా నిద్రలో లేపి అడిగినా చెప్పగలరు. కానీ ఆ వంటగది వెలుతురులో, టీ ఆవిరిలో, భార్య సిగ్గుతో మాటిమాటికీ తల పక్కకి తిప్పుకుంటుంటే, ఆయనకి కనిపించింది ఎరుపు ఒక్కటే.

గుమ్మంలో నిలబడ్డ అత్తగారికి మాత్రం చాలా కనిపించింది. అల్లుడు అద్దం పెట్టి కూతురి చెవిలోకి చూస్తున్నాడు. ఒకసారి కాదు, అటు ఒకసారి, ఇటు ఒకసారి. చూసిన ప్రతిసారీ ముఖం ఇంకాస్త పాలిపోతోంది.

ఒంటిగంటన్నరకి ఆయన బీరువాలోంచి అతినీలలోహిత కిరణాల టార్చి తీశారు. ఆ వెలుగులో కొలిమి కెంపు నిప్పు కణికలా మండుతుంది, సహజమైనది సాధారణంగా కాస్త మందంగా వెలుగుతుంది. పట్టపగలు గది కర్టెన్లన్నీ వేసి, భార్యని మంచం మీద కూర్చోబెట్టారు.

"ఇదేమిటండీ కొత్తగా?"

"కదలకు. చీకట్లో ఎలా మెరుస్తాయో చూద్దామని."

ఎడమ చెవి భగ్గుమంది. కుడి చెవీ భగ్గుమంది. రెండూ ఒక్కలాగే. మళ్ళీ చూశారు, మళ్ళీ అంతే. సహజమైన వాటిలోనూ కొన్ని గట్టిగా వెలుగుతాయని పుస్తకంలో ఉంది కాబట్టి, ఇది ఆ రకం కాబోలని సర్దిచెప్పుకుని, చెమటలు తుడుచుకున్నారు.

తలుపు అవతల అత్తగారు కూతుర్ని పరీక్షించదలిచి మెల్లిగా, "అమ్మాయ్!" అని పిలిచింది. లోపల చెవుల మీద టార్చి వెలుగు పడుతుండగా మురిసిపోతున్న కూతురు పలకలేదు. రెండోసారి పిలిచినా పలకలేదు. మూడోసారి అత్తగారు పిలవలేదు, కొడుక్కి ఫోన్ చేసింది.

"ఒరేయ్, అక్కకి చెవుల్లో ఏదో వచ్చిందిరా. మీ బావ చెప్పకుండా దాస్తున్నాడు. వినబడడం కూడా పోయింది. తొందరగా రా!"

కొడుకు ఆసుపత్రిలో అంబులెన్సు డ్రైవరు. తల్లి మాట విన్నవాడు బస్సులో రాడు కదా. రెండుంబావుకి సైరన్ మోగిస్తూ వాకిట్లోకి వచ్చేశాడు. భూతద్దం గారు అప్పటికి మూడో విడత పరీక్షగా చెవి పక్కన కొవ్వొత్తి పట్టుకుని ఉన్నారు.

"బావా, మాటల్లేవు, ముందు ఎక్కించు!"

"ఎవర్ని?"

"అక్కని! అమ్మ అంతా చెప్పింది. ఇంత పెద్ద విషయం దాస్తావా?"

భార్య ముఖంలో రంగు పోయింది. పొద్దుటినుంచీ అద్దం, టార్చి, కొవ్వొత్తి, పాలిపోయిన భర్త ముఖం, అన్నీ ఆమెకి ఒక్కసారిగా వేరే అర్థంలో కనిపించాయి. అందరూ కలిసి అంబులెన్సు ఎక్కేశారు. అత్తగారు చేతిలో చెవి చుక్కలమందు సీసా పట్టుకుని మరీ ఎక్కింది.

బండి కదిలాక భార్య ఆయన చెయ్యి పట్టుకుంది. "నిజం చెప్పండి. ఇంకా ఎన్నాళ్ళు బతుకుతాను? అందుకేనా ఈ రాళ్ళు తెచ్చింది? చివరిసారిగా ముచ్చట తీర్చాలనా?"

ఆ మాటకి ఆయన తట్టుకోలేకపోయారు. ఉద్యోగం పోతే పోనీ అనుకున్నారు.

"నీకేం లేదు! రాళ్ళు నావి కావు!"

"ఏంటీ?" సైరన్ మోతలో ఆమెకి వినబడలేదు.

"వినబడ్డంలేదు పాపం!" అని అత్తగారు చుక్కలమందు మూత తీసింది.

"రాళ్ళు ఆఫీసువి!" అని ఆయన గొంతు చించుకుని అరిచారు. "పాఠం కోసం తెచ్చాను! తిరిగి పెట్టకపోతే నా కుర్చీ పోతుంది! ఒకటి అసలుది, ఒకటి కొలిమిది! పెళ్ళిరోజని నాకు గుర్తే లేదు!"

సరిగ్గా అప్పుడే బావమరిది సైరన్ కట్టేశాడు. చివరి మాట వీధంతా వినబడింది.

ఆమె ఆయన చెయ్యి వదిలేసి అడిగింది. "ఏది అసలుది?"

"తెలియదు."

"ఇరవై రెండేళ్ళ నుంచీ ఇదేగా మీ పని?"

ఆయన మెడలోని భూతద్దాన్ని చొక్కాలోకి దోపుకున్నారు.

"మీ ఆఫీసుకే పోనివ్వమనండి," అంది ఆమె. "అక్కడ పెద్ద యంత్రం ఉందిగా. మీ రాయి మీరు తీసుకోండి. మీ కుర్చీ పోకూడదు."

కోపం వచ్చిన మనిషి అనే మాట కాదది. భూతద్దం గారికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ కన్నీళ్ళు నిజమైనవో కావో చూడడానికి అద్దం అక్కర్లేదు.

రెండు నలభైకి ప్రయోగశాల ముందు అంబులెన్సు ఆగింది. పన్నెండు మంది కొత్త విద్యార్థులు కిటికీల దగ్గర గుమిగూడారు. అధికారిణి మేడమ్ మెట్లు దిగి వచ్చారు. మేడమ్ మితభాషి. భూతద్దం గారు తల వంచుకుని జరిగిందంతా చెప్పారు. ఆవిడ విని, "లోపలికి రండమ్మా," అని భార్యని తీసుకెళ్ళారు.

సూక్ష్మదర్శిని బల్ల మీద తువ్వాలు మడిచి వేశారు. భార్య దాని మీద చెంప ఆనించి పడుకుంది, చెవి తమ్మె సరిగ్గా కటకం కిందకి వచ్చింది. మేడమ్ పక్కనుంచి సన్నని దీపం వేసి చూశారు.

"ఎడమ చెవి. వంకర గీతలు, బుడగలు. కృత్రిమం."

"అమ్మయ్య!" అన్నారు భూతద్దం గారు. ప్రాణం లేచొచ్చింది. "అయితే కుడిది సహజం."

భార్య రెండో వైపు తిరిగింది. మేడమ్ చూశారు. దీపం జరిపి చూశారు. కళ్ళజోడు తుడుచుకుని చూశారు. చివరికి కుర్చీ వెనక్కి జరిపి, "మీరే చూడండి," అన్నారు.

ఆయన చూశారు. తడిజుట్టు మీద దువ్వెన వంకరగా లాగినట్టు గీతలు. వాటి మధ్య గుండ్రటి బుడగలు. పట్టుదారం లాంటి సూది ఒక్కటీ లేదు.

"మెషిన్‌లో సహజత్వం కొట్టుకుపోయిందేమో బావా?" అన్నాడు బావమరిది సానుభూతితో.

భూతద్దం గారు స్టూలు మీద కూలబడ్డారు. తొమ్మిదేళ్ళుగా ఆ పాఠం చెబుతున్నది ఆయనే. 'సహజం' అన్న అక్షరాలు ఆయన గురువుగారి చేతిరాత. బయటనుంచి వచ్చిన ప్రతి రాయినీ నాలుగుసార్లు పరీక్షించే ఆ ప్రయోగశాలలో, కొలబద్దగా పెట్టుకున్న రాయిని మాత్రం ఎవరూ పరీక్షించలేదు. కొలబద్దని ఎవరు కొలుస్తారు? ప్రతి బ్యాచ్‌కీ ఆయన పొట్లం విప్పి, "పట్టుదారాలు కనిపిస్తున్నాయా?" అని అడగడం, అందరూ వరసగా, "కనిపిస్తున్నాయి సార్," అనడం. ఒకే ఒక్క అమ్మాయి ఒక ఏడాది లేచి నిలబడి, తనకేమీ కనిపించడం లేదంది. కళ్ళు చూపించుకోమని ఆయన సలహా ఇచ్చారు. ఆ అమ్మాయికి ఈ రాత్రే ఉత్తరం రాయాలని గట్టిగా అనుకున్నారు.

మేడమ్ గది రెండుసార్లు అటూ ఇటూ నడిచారు. తర్వాత, ఎవరూ ఊహించని విధంగా, భార్య ముందుకి వచ్చి రెండు చేతులూ జోడించారు.

"సోమవారం తనిఖీ వాళ్ళు మొట్టమొదట తెరిచేది ఆ నమూనా పెట్టెనే తల్లీ. సహజం అని రాసిన పొట్లంలో ఇది దొరికుంటే, మా చేతుల మీదుగా వెళ్ళిన ప్రతి సర్టిఫికెట్‌నీ అనుమానించేవాళ్ళు. తలుపులకి తాళం పడేది. మీరు చొక్కా ఉతికారు కాబట్టి బతికాం. ఇరవై మంది కుటుంబాల తరఫున చెబుతున్నా, మీ మేలు మర్చిపోం."

"నేనేం చేశానండీ," అంది ఆమె కంగారుగా. "జేబు చూసుకోకుండా మెషిన్‌లో వేశాను, అంతే."

"మేమూ అంతే. చూసుకోకుండా తొమ్మిదేళ్ళు పాఠం చెప్పాం," అన్నారు మేడమ్. రిజిస్టరు తెరిచి ఆ రెండు రాళ్ళనీ నమూనాల జాబితాలోంచి కొట్టేసి, సంతకం చేశారు. "ఇవి ఇక మాకు పనికిరావు. మీ దగ్గరే ఉంచుకోండి. ఇక మీరు," అని భూతద్దం గారి వైపు తిరిగారు. "రాళ్ళు ఇంటికి తీసుకెళ్ళినందుకు సంజాయిషీ రాయండి. నిబంధన మీరే రాశారు కాబట్టి భాష కష్టం కాదు."

కుర్చీ నిలబడింది. ఆయన మాత్రం భార్య దగ్గరికి వెళ్ళి, అందరి ముందూ, కొంచెం తడబడుతూ అన్నారు. "పొద్దున ఇవి నేను నీకు తెచ్చినవి కావు. ఇప్పుడు ఇస్తున్నాను. నువ్వు లేకపోతే నేను ఇవాళ ఏమైపోయేవాణ్ణో తెలియదు. పాతికేళ్ళుగా కూడా అంతే. చెప్పడం ఇదే మొదలు."

ఆమె చెవి ఒకసారి తడుముకుంది. "నేను రాయి అసలుదా అని ఎప్పుడు అడిగానండీ? మీరు ఇస్తే చాలనుకున్నా," అంది. అత్తగారు అల్లుడి మాట కూతురికి పూర్తిగా వినబడిందని నిర్ధారించుకుని చుక్కలమందు సీసా సంచిలో పెట్టేసింది.

మూడు కొట్టింది. పాఠం ఆపడానికి మేడమ్ ఒప్పుకోలేదు. నమూనాలు ఉన్నది చెవుల్లో కాబట్టి, భార్య చెంప కింద తువ్వాలు, చేతిలో టీ కప్పుతో గంటన్నర బల్ల దగ్గర ఉంది. పన్నెండు మందీ వరసగా వచ్చి, ఆమెకి నమస్కారం పెట్టి, వంగి చూసి, నివేదిక రాసిచ్చారు. ఈసారి భూతద్దం గారు ఏమి కనిపించాలో ముందుగా చెప్పలేదు.

పదకొండు మంది 'రాళ్ళు కృత్రిమం' అని రాశారు. పన్నెండో ఆవిడ 'రాళ్ళు కృత్రిమం, చెవులు సహజం' అని రాసింది. పూర్తి మార్కులు ఆవిడ ఒక్కరికే వచ్చాయి.