కడిగినా వెలిసిపోని గులాబీ

బట్టల కొట్టు యజమాని ఆ ఉదయం షట్టరు ఎత్తలేదు. భార్యను గులాబీ తోటకు తీసుకెళ్తానని ఎప్పుడో మాటిచ్చాడు. ఇచ్చిన దగ్గర్నుంచి వాయిదాలు వేస్తూ వచ్చి, ఇంకోసారి వేస్తే అసలుకే మోసం వస్తుందని లెక్క కట్టుకుని బయల్దేరాడు. ఆవిడ గుమ్మంలోనే షరతు పెట్టింది.

"ఏమండీ, ఒక్క పూట మొగుడూ పెళ్ళాల్లా తిరిగొద్దాం. తోటలో మీ నోట వ్యాపారం మాట వినిపించిందో, అటునుంచి అటే మా అక్క ఇంటికి పోతాను. మళ్ళీ ఎప్పుడొస్తానో నాకే తెలీదు."

"గులాబీల దగ్గర వ్యాపారమేమిటే?"

"ఆసుపత్రిలో మీ తమ్ముణ్ణి చూడబోయి, దుప్పటి నేత పట్టి చూసిన మనిషి మీరు."

అక్కగారింటి మాటకు జడిసి ఆయన షరతుకు ఒప్పుకున్నాడు. కిందటిసారి ఆవిడ వెళ్ళినప్పుడు, పొద్దున్నే తనతో దెబ్బలాడే మనిషి లేక ఆయనకు తెల్లారినట్టే ఉండేది కాదు. ఆవిడ కేకల్లేని ఇల్లు బోణీ కాని కొట్టుతో సమానం.

తోటలోకి రాగానే ఆవిడ సీసాలో నీళ్ళు పట్టుకొస్తానని కుళాయి వైపు వెళ్ళింది. ఎదురుగా ఉన్న మడిలో తోటమాలి మన్ను గుల్ల చెయ్యడానికి, మొక్కల పేర్లు రాసిన చెక్కలన్నీ పీకి ఒక పక్కన కుప్ప పోశాడు. పారకు పిడి ఊడితే బిగించుకురావడానికి పోయినట్టున్నాడు. పేరు చీటీ లేని సరుకు కంటపడితే మన కొట్టాయనకు చెయ్యి ఊరుకోదు. నోరు మెదపనంతవరకు షరతు తప్పినట్టు కాదు కదా అనుకుని కిందికి వంగాడు. గొప్పగా వినిపించే పేర్లు దారి పక్కన, మామూలువి లోపల, కొట్లో అద్దాల బీరువా సర్దినట్టు చెక్కలన్నీ వరసగా గుచ్చేశాడు. ఏ పేరు ఏ మొక్కదో ఆయనకేం తెలుసు?

చేతులకు మన్ను ఉంది కాబట్టి తోట మనిషే అనుకుంది అటుగా వచ్చిన ఒక పెద్దావిడ.

"బాబూ, మా బాల్కనీకి వీటిలో ఏది బాగుంటుంది?"

తెలియదనొచ్చు. కానీ అడగొచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపడం ఆయనకు చేతకాని పని.

"మీ గోడలు ఏ రంగండీ?"

"లేత పసుపు."

"అయితే ఈ ముదురు ఎరుపు చూడండి. మీ ఒంటి రంగుకి కూడా నప్పుతుంది."

"ఎండకి తట్టుకుంటుందా?"

"భలేవారే. కడిగినా వెలిసిపోదు."

పక్కగా పోతున్న జంట ఆగింది. వాళ్ళను చూసి ఇంకొందరు ఆగారు. "తొందరపడకండి, అందరికీ చూపిస్తాను" అంటూ తల తిప్పేసరికి, నీళ్ళ సీసాతో భార్య నిలబడి ఉంది. సీసా మూత బిగించింది, అంతే. ఆ బిగింపులో ఆయనకు అక్కగారి ఊరి బస్సు హారను వినిపించింది.

సరిగ్గా అప్పుడే పార్కు అధికారి ఒక నిండైన మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. ఆవిడ గులాబీ ప్రేమికుల సంఘం అధ్యక్షురాలు. తోటవాళ్ళు ఒక కొత్త రకానికి ఆవిడ పేరు పెట్టారు. అది చూపించడానికే ఈ రాక.

"ఇదిగోనండి" అంటూ అధికారి చెక్క మీద ఆవిడ పేరు చదివి, వెనకున్న మొక్కను చూసి ఆగిపోయాడు. గిడసబారిన మొక్క. ఒళ్ళంతా ముళ్ళు. ఉన్నది ఒకటే పువ్వు, అదీ తల వాల్చేసింది.

"నా పేరు దీనికా పెట్టారు?" అంది అధ్యక్షురాలు.

అధికారి నుదురు తుడుచుకున్నాడు. "ఈ చెక్కలు ఎవరు పాతారు?"

గుంపంతా కొట్టాయన వైపు చూసింది. ఆయన పెళ్ళాం వైపు చూశాడు. నోరు విప్పితే మళ్ళీ వ్యాపారమే బయటపడుతుంది, విప్పకపోతే పరువు పోతుంది. ఎటు కూడినా నష్టమే తేలింది. మన్నంటిన చేతులు వెనక్కి పెట్టుకుని, బడిలో పలక పగలగొట్టిన పిల్లాడిలా నిలబడ్డాడు. ఆ వాలకం చూశాక భార్యకు కోపం నిలవలేదు.

"అమ్మా" అంటూ ముందుకొచ్చింది. "చూడగానే మెరిసేవి నాలుగు రోజుల్లో మొహం మొత్తుతాయి. దీని పనితనమంతా లోపలుంది, దగ్గరికొచ్చి చూడండి. ఇది అందరికీ నప్పదు. మీలాంటి హుందా మనిషికే నప్పుతుంది. ఉన్నది ఒక్కటే పీసు. ఇంకెవరి దగ్గరైనా కనిపిస్తే నన్నడగండి."

అధ్యక్షురాలు వంగి చూసింది. పువ్వు గడ్డం పట్టుకుని పైకెత్తి మరీ చూసింది. "నిజమే. ఆ పక్కవన్నీ ఉత్త ఆర్భాటం" అంది. పారతో తిరిగొచ్చిన తోటమాలి ఏదో చెప్పబోతుంటే, అధికారి అతని భుజం నొక్కి, "ఇకమీదట ఇదే" అన్నాడు మెల్లగా.

గేటు దాకా కొట్టాయన బుద్ధిగా నడిచాడు. ఆపైన ఆగలేకపోయాడు.

"ఏమే, మీ అక్క ఇంటికి ఇప్పుడు ఎవరు పోవాలి?"

"నేను చేసింది వ్యాపారం కాదండీ. మీ పరువు కాపాడాను."

"ఒక్కటే పీసు అన్నావు."

ఆవిడ నవ్వు దాచుకోవడానికి మొహం అటు తిప్పుకుని, నీళ్ళ సీసా ఇటు చాచింది. "ముందు చేతులు కడుక్కోండి."

ఆ వారం నుంచి కొట్లో గల్లా దగ్గర ఆవిడే కూర్చుంటోంది. గిరాకీ బాగుంది. ఆయన్ని మాత్రం, మధ్యాహ్నాలు తోటకు వెళ్ళి కాస్త గాలి పీల్చుకు రమ్మంటోంది.